అరువు గొంతు

వరదయ్య మొదటి సినిమా నగరిలో ఆడిన రోజు సగం మరమగ్గాలు ఆగిపోయాయి. మన వీధివాడు తెర మీద కనబడతాడంటే మగ్గం ముందు నిలబడేదెవరు? షెడ్లలో పనిచేసేవాళ్ళు తలకంటిన నూలుపోగులు దులుపుకోకుండానే టాకీసుకు వచ్చేశారు. వరదయ్య తల్లి తిరుమలమ్మ కొత్త కోక కట్టుకుని, కొడుకు పక్కన కుర్చీ అంచున కూర్చుంది.

సినిమాలో అతనిది కానిస్టేబులు వేషం. హీరో ఇంటి గడపలో నిలబడి, తండ్రి చనిపోయిన కబురు చెప్పాలి. అతను తెర మీదికి రాగానే టాకీసంతా ఈలలు. అతను టోపీ తీసి, తల వంచి, నోరు తెరిచాడు. ఈలలు ఆగిపోయాయి.

ఆ నోట్లోంచి వచ్చిన గొంతు వరదయ్యది కాదు. మెత్తగా, తీయగా, కృష్ణ ఒడ్డు మాట. "మీ నాన్నగారు ఇక లేరండీ" అంది ఆ గొంతు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

తిరుమలమ్మ కొడుకు మోచెయ్యి పట్టుకుంది. "వరదా, నోరు నీదే గదరా. మాట ఎవుడిది?"

వరదయ్యకు కూడా ఆ క్షణం దాకా తెలియదు. తన మాట తీసేసి ఇంకొకరి మాట పెడతారని అతనికి ఎవరూ చెప్పలేదు.

అతని గొంతు ఆ ఊరికి బాగా తెలిసిన గొంతు. మరమగ్గాల మధ్య పెరిగినవాళ్ళు మెల్లగా మాట్లాడలేరు. ఆ దడదడలో పక్కవాడికి వినబడాలంటే మాట కడుపులోంచి రావాలి. ఆ అరుపుకే వరదయ్య ఒక తీరు తెచ్చుకున్నాడు. ఏటా ద్రౌపదమ్మ గుడి దగ్గర ఆడే భారతం నాటకాల్లో అతను దుర్యోధనుడి కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే, మైకు ఎందుకు, కట్టేయమని జనమే కేకలు వేసేవారు. పుత్తూరు నుంచీ కార్వేటినగరం నుంచీ వచ్చి పిలుచుకుపోయేవారు. ఆ గొంతును నమ్ముకునే అతను మద్రాసు బస్సు ఎక్కాడు.

మద్రాసు తిరిగి వెళ్ళి అడిగితే, ఆ సినిమాకు పనిచేసిన అసిస్టెంటు డైరెక్టరు ఉన్నమాట దాచకుండా చెప్పాడు. "ముఖం బంగారమయ్యా నీది. కష్టం చూసిన ముఖం. కానీ ఆ యాసేంటి? 'ఉండాది, పొయ్యినాడు' అంటే జనం నవ్వుతారు. నువ్వు నోరు కదుపు చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

నోరు కదపడమే వరదయ్య బతుకైపోయింది.

సినిమా పని హైదరాబాదుకు తరలిపోతే అతనూ తరలాడు. భార్య నాగరత్నమ్మ మాత్రం తిరుపతిలో రెండు గదుల ఇల్లు తీసుకుని, కుట్టుమిషను పెట్టుకుని ఉండిపోయింది. షూటింగు ఉన్నప్పుడు రైలెక్కేవాడు, లేనప్పుడు ఇంటికి వచ్చేవాడు. సర్పంచిగా, గుమాస్తాగా, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రిగా, విలను పక్కన చేతులు కట్టుకునే మనిషిగా వేషాలు వేశాడు. తల నెరిశాక టీవీ సీరియల్‌లో తాత వేషం దొరికింది. రోజూ సాయంత్రం ఇంటింటా కనబడే ముఖం అయింది. పేరు ఎవరికీ తెలియదు. "అదిగో, తాతగారు!" అనేవారు బస్టాండులో.

ఒకసారి పాకాలలో చుట్టాల పెళ్ళికి వెళ్తే, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు గుర్తుపట్టి చుట్టూ మూగారు. "తాతగారూ, ఒక్క మాట చెప్పండి, మీ గొంతు వింటే ప్రాణం లేచొస్తుంది" అని మైకు చేతికిచ్చారు. వరదయ్య గొంతు సవరించుకుని, "పిల్లోళ్ళిద్దురూ సల్లంగా ఉండాల" అన్నాడు. మైకులోంచి ఆ గొంతు ఉరిమినట్టు వచ్చింది. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, "అయ్యో, ఇట్టా ఉంటుందా ఈయన గొంతు? టీవీలో ఎంత కమ్మగా ఉంటుందో" అంది. అతనికి వినబడాలని అన్నది కాదు. కానీ వినబడింది. ఆ తర్వాత అతను పెళ్ళిళ్ళలో మైకు పట్టుకోలేదు.

కోస్తా మాట నేర్చుకుందామని కొన్నాళ్ళు తంటాలు పడ్డాడు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. స్టూడియోలో ఇంకా మొరటే అన్నారు, ఇంటికొస్తే నాగరత్నమ్మ, "ఎవురు నువ్వు? మా ఆయన్ని యాడ పెట్టినావు?" అని నవ్వింది.

తెర మీద అతని గొంతు పేరు యోగానంద. తెనాలి మనిషి. మూడో సినిమా నుంచీ వరదయ్యకు ఆయనే డబ్బింగు చెబుతున్నాడు. సీరియల్‌లో తాతగారి కమ్మని గొంతూ ఆయనదే. ఇద్దరూ ఒకే ఊళ్ళో పనిచేశారు, ఒకే ముఖం మీద బతికారు కానీ కలుసుకున్నది తక్కువ. ఒకసారి స్టూడియో మెట్ల మీద ఎదురుపడి యోగానందే చేతులు జోడించాడు. "వరదయ్యగారూ, నేనేనండీ, మీ గొంతు."

"నా గొంతు నా కాడే ఉండాది" అని వరదయ్య దిగి వెళ్ళిపోయాడు.

తిరుమలమ్మ పోయేదాకా కొడుకు సినిమాలు చూస్తూనే ఉంది. ఆమె మళ్ళీ గొంతు సంగతి ఎత్తలేదు. చివరి రోజుల్లో టీవీలో మాట కట్టేయించి, బొమ్మ మాత్రం చూసేది.

వరదయ్యకు అరవై దాటాక మోహన్‌కృష్ణ అనే కుర్ర డైరెక్టరు తిరుపతి ఇంటికి వెతుక్కుంటూ వచ్చాడు. బంగారుపాళ్యం పక్క పల్లె అతనిది. తండ్రి మామిడి రైతు. లోపలికి వచ్చీ రాగానే, "పెద్నాయనా, నా సినిమాలో నువ్వే హీరోవు" అన్నాడు.

వరదయ్య నవ్వాడు. "ఏందప్పా, ముసిలోడితో ఎగతాళా?"

"ఎగతాళి కాదు. మునెప్ప అని ఒక రైతు. ట్రాక్టరు నిండా కాయలేసుకొని గుజ్జు ఫ్యాక్టరీ ముందర నిలబడి ఉంటాడు. గేటు తియ్యరు. కాయలు మాగి కుళ్ళిపోతా ఉంటాయి. అంతే కత. మా నాయన అట్ల నిలబడింది నేను సూసినా." అతను దగ్గరికి జరిగాడు. "ఇంకోమాట. మన మాటలోనే తీస్తాను. నీ గొంతే. డబ్బింగోళ్ళు వద్దు."

నాగరత్నమ్మ మిషను తొక్కడం ఆపేసింది. వరదయ్య లేచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాడు.

షూటింగు బంగారుపాళ్యం దగ్గర జరిగింది. మూతబడిన ఒక ఫ్యాక్టరీకి కొత్త బోర్డు కట్టి, ముందర ట్రాక్టర్లు వరసగా నిలబెట్టారు. వరదయ్య కొత్తవాడిలా పనిచేశాడు. తన మాట తనకే మిగులుతుందన్న ధీమాతో ప్రతి మాటనూ నమిలి, రుచి చూసి చెప్పాడు. అక్కడే మాటలు రికార్డు చేయాలనుకున్నారు గానీ, చెన్నై-బెంగుళూరు రోడ్డు మీద లారీల మోత ఒక్క నిమిషం ఆగదు. "పోనీలే, అంతా అయినాక చెన్నైలో చెప్పుకుందాం" అన్నాడు మోహన్‌కృష్ణ.

షూటింగు సగంలోనే వరదయ్య గొంతు బొంగురుపోయింది. ఎండకూ అరుపులకూ అనుకున్నారు. మిరియాల కషాయం తాగాడు. షూటింగు అయిపోయింది, బొంగురు పోలేదు. మింగితే నొప్పి. నాగరత్నమ్మ పట్టుబట్టి వేలూరు తీసుకువెళ్ళింది. డాక్టరు గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. క్యాన్సరు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు.

"ఆపరేషను కొంచెం వెనక్కి జరపొచ్చా సార్?" అన్నాడు వరదయ్య. "ఒక పనుండాది."

"ఎక్కువ రోజులు ఇవ్వలేను" అన్నాడు డాక్టరు.



చెన్నైలో డబ్బింగు థియేటర్లో వరదయ్య తన ముఖానికి తానే మాట చెప్పడానికి మొదటిసారి మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా తెర మీద మునెప్ప గేటు ఊచలు పట్టుకుని నోరు తెరిచాడు. "గేటు తియ్యండి సామీ, నా కాయలు కుళ్ళిపోతా ఉండాయి." వరదయ్య పెదాలు సరిగ్గా కలిశాయి. వచ్చింది మాత్రం మాట కాదు, గోనెసంచి చింపినట్టు ఒక చప్పుడు. వేడినీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. మళ్ళీ. చివరికి గాలి మాత్రమే వచ్చింది. అద్దం వెనక సౌండు ఇంజనీరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బయట బెంచీ మీద మోహన్‌కృష్ణ అతని మోకాలు మీద చెయ్యి వేశాడు. "ఇట్లే ఉంచేస్తా పెద్నాయనా. బొంగురైతే ఏముండాది? నీ గొంతు గదా."

వరదయ్య తల అడ్డంగా ఊపాడు. గుసగుసగా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. "మునెప్ప జబ్బుమనిషి కాదప్పా. వాడు అరిస్తే ఫ్యాక్టరీ అదరాల. నా గొంతు కోసరం వాణ్ణి సంపుకోలేను." గ్లాసులో మిగిలిన వేడినీళ్ళు ఒక గుక్క తాగి, మళ్ళీ అన్నాడు. "యోగానందను పిలిపించు. నేను నేర్పిస్తాను."

యోగానంద మర్నాడే తిరుపతి రైలెక్కాడు. చిన్న సంచీతో గడపలో నిలబడ్డ ఆ బక్క మనిషిని చూసి నాగరత్నమ్మ ఎవరో అనుకుంది. "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడాయన. నీళ్ళకు కదలబోయిన ఆమె వెనక్కి తిరిగి ఆయన్నే చూసింది. ఇన్నేళ్ళూ టీవీలో మొగుడి నోట్లోంచి విన్న గొంతు ఆ కళ్ళజోడు ముసలాయనది.

ఇద్దరూ ముందు గదిలో చాప మీద కూర్చుని పాఠం మొదలుపెట్టారు. యోగానంద బుద్ధిమంతుడైన బడిపిల్లాడిలా వల్లించేవాడు. "ఉంది" అంటే వరదయ్య వేలు ఎత్తేవాడు. "ఉండాది." "చూడు" అంటే మళ్ళీ వేలు. "సూడు." మాటలు రెండు పూటల్లోనే పట్టుబడ్డాయి. ఊపిరి పట్టుబడలేదు. యోగానంద మాట పెదాల మీద పుట్టేది. మునెప్ప మాట అక్కడ పుట్టేది కాదు.

ఒక పొద్దున వరదయ్య ఆయన్ను నారాయణవనంలో తెలిసినవాళ్ళ మగ్గాల షెడ్డుకు తీసుకువెళ్ళాడు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతున్నాయి. నేల అదురుతోంది. వరదయ్య ఆ చివరకు వెళ్ళి నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, చెప్పమని సైగ చేశాడు. యోగానంద చెప్పాడు. వినబడలేదు. అరిచాడు. గొంతు చీలి దగ్గు వచ్చింది. వరదయ్య అటునుంచి తన కడుపు మీద అరచేత్తో కొట్టుకుని చూపించాడు. యోగానంద కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, ఇంకోసారి అరిచాడు. "గేటు తియ్యండి సామీ!" మగ్గాల చప్పుడు మీదుగా ఆ మాట వచ్చి వరదయ్యను తాకింది. పనివాళ్ళు తిరిగి చూశారు. వరదయ్య కళ్ళు తుడుచుకున్నాడు. దూది పడిందనుకున్నారు వాళ్ళు.

తర్వాత రోడ్డు పక్క టీకొట్టు బల్ల మీద కూర్చున్నప్పుడు యోగానంద అన్నాడు: "ఇన్నేళ్ళుగా మీ పెదాలే చూస్తూ బతికానండీ. మీరు ఆకలి మీద చేసిన సీను ఏదో నాకు తెలిసిపోయేది. మీ అమ్మగారు పోయిన వెంటనే చేసిన సినిమా కూడా, ఎవరూ చెప్పకుండానే తెలిసింది."

"ఎట్ల?" అన్నట్టు చూశాడు వరదయ్య.

"మాట అయిపోయాక కూడా పెదాలు కదిలేవండీ. ఏం చెప్పాలో తెలియక నేను ఆ చోట ఊరుకునేవాణ్ణి."

వరదయ్య తన గ్లాసులోని టీ సగం ఆయన గ్లాసులోకి వంచాడు.

డబ్బింగు జరిగినన్నాళ్ళూ వరదయ్య యోగానంద పక్కనే నిలబడి మోచెయ్యి పట్టుకున్నాడు. మాట ఎక్కడ లేవాలో అక్కడ నొక్కేవాడు, ఎక్కడ పడాలో అక్కడ వదిలేవాడు. మిగిలిన కాస్త గొంతూ "ఇట్ల కాదు, అట్ల" అని చెప్పడానికే ఖర్చు పెట్టాడు. సాయంత్రానికి గుసగుస కూడా కష్టమయ్యేది.

ఆపరేషనుకు వెళ్ళాల్సిన ముందు రోజు నాగరత్నమ్మ సంచీ సర్దుతూ, ఉన్నట్టుండి చేతిలో తువ్వాలు విసిరికొట్టింది.

"ఉండిన నాలుగు మాటలూ ఆయనకే పోసేస్తివే. నాకేం మిగిలిస్తివి?"

వరదయ్య దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "సెప్పు మేయ్, ఏం మాట్లాడాల్నో" అన్నాడు గాలితో. "నువ్వు ఏం సెప్పమంటే అది సెప్తాను."

నాగరత్నమ్మ ఆలోచించింది. ఇన్నేళ్ళ సంసారంలో ఇతని నోట ఏం వినాలని ఉండేదో ఒక్కటీ గుర్తుకు రాలేదు. "బువ్వ తింటావా?" అంది.

"పెట్టు" అన్నాడు వరదయ్య.

వేలూరులో ఆపరేషను గది ముందు నర్సు పేరు అడిగితే చెప్పాడు. ఊరు అడిగితే "నగరి" అన్నాడు. ఆ తర్వాత అతను ఎవరితోనూ మాట్లాడలేదు.

సినిమా విడుదలయ్యేసరికి మెడ మీది గాయం మానింది. ఊపిరి తీసుకోవడానికి కంఠం కింద చేసిన రంధ్రం మీద నాగరత్నమ్మ పల్చటి బట్ట కుట్టి కట్టింది. తిరుపతిలో మ్యాట్నీకి ఇద్దరూ వెళ్ళారు. నగరి నుంచి ఒక బస్సు నిండా జనం వచ్చారు. తెర మీద మునెప్ప గేటు పట్టుకుని అరిచినప్పుడు హాలు ఊపిరి బిగబట్టింది. ఆ గొంతులో మగ్గాలున్నాయి, ఎండుంది, మామిడి జీడి మంట ఉంది. వరదయ్యే ఒక క్షణం అది తనదే అనుకున్నాడు.

ఆట వదిలాక చెంగల్రాయుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. భారతంలో వరదయ్య దుర్యోధనుడైతే అతను భీముడు. గద పట్టిన ఆ చేతులతోనే ఇప్పుడు మిత్రుణ్ణి వాటేసుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇన్నాళ్ళకు సినిమాలో నీ గొంతు ఇన్నామప్పా! పోయే ముందర అంతా దీంట్లో పోసేసినావు గదప్పా. మీ యమ్మ ఇని ఉంటే!"

నాగరత్నమ్మ ఏదో చెప్పబోయింది. వరదయ్య ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు.

బయట గోడ మీద కొత్త పోస్టరు ఉంది. "మౌనానికి ముందు ఆ మహానటుడి చివరి మాటలు" అని రాసి ఉంది. మోహన్‌కృష్ణ తలవంచుకుని దగ్గరికి వచ్చాడు. "నిర్మాత పని పెద్నాయనా. అవార్డుకు పంపాలంటే సొంత గొంతే ఉండాలంట. యోగానందగారి పేరు తీసేసినారు. నేను ఆయన్ని అడిగినా. 'ఇన్నాళ్ళూ దాక్కున్నవాణ్ణే కదండీ' అన్నాడు."

వరదయ్య అప్పుడు కాదనలేదు. ఆ కొన్ని వారాలు అతను సంతోషంగా ఉన్నాడు, అది దాచాల్సిన పని లేదు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. కూరగాయల కొట్టతను డబ్బు తీసుకోకుండా దండం పెట్టాడు. "ఏం గొంతు సామీ మీది!" అనేవారు జనం. తనలో లేని గొంతును పొగుడుతుంటే తల వంచి అందుకునేవాడు. నాగరత్నమ్మ కూడా, "పోనీలే, ఇన్నాళ్ళ ఆకలి" అంది.

తిరుపతిలో సన్మానం పెట్టారు. వేదిక మీద పూలదండలూ శాలువలూ అయ్యాక, మాటకారి యాంకరమ్మ "ఇక ఆ గొంతును మరోసారి విందాం!" అని చేత్తో సైగ చేసింది. హాలులో దీపాలు తగ్గాయి. స్పీకర్లలోంచి మునెప్ప అరుపు వచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

వేదిక మీది నుంచి వరదయ్యకు వెనక వరసలో యోగానంద కనిపించాడు. ఎవరూ పిలవకుండా, చెప్పకుండా హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆయనా నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. పక్కనున్న కుర్రాడు ఆయన కాలు తొక్కి, చూడకుండా ముందుకు జరిగాడు. యోగానంద కొంచెం ఒదిగి చోటిచ్చాడు. ఆ ఒదగడాన్ని వరదయ్య గుర్తుపట్టాడు. తాను ఇన్నేళ్ళూ జనంలో అలాగే ఒదిగాడు.

అతను వేదిక దిగాడు. శాలువ జారిపోతే తీసుకోలేదు. కుర్చీల మధ్య నుంచి వెనకదాకా నడిచి, యోగానంద చెయ్యి పట్టుకుని పైకి తెచ్చి మైకు ముందు నిలబెట్టాడు. తన మెడ మీది బట్ట చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత యోగానంద కంఠం మీద వేలు పెట్టాడు.

ఎవరికీ అర్థం కాలేదు. యోగానంద కంగారుపడి, "ఏం లేదండీ, పాత స్నేహితులం" అన్నాడు మైకులో, తన మెత్తటి గొంతుతో. వరదయ్య తల అడ్డంగా తిప్పి, ఆయన మోచెయ్యి పట్టుకుని నొక్కాడు, డబ్బింగు థియేటర్లో నొక్కినట్టే. యోగానంద ముందు వరసలోని మోహన్‌కృష్ణ వైపు చూశాడు. మోహన్‌కృష్ణ కళ్ళు దించుకున్నాడు. యోగానంద కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"గేటు తియ్యండి సామీ, నా కాయలు కుళ్ళిపోతా ఉండాయి!"

కాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కొందరు కలిశారు, కొందరు కలవలేదు. నగరి నుంచి వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చెంగల్రాయుడు భోజనానికి ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

పోస్టరు మీది ఆ మాటలపై వేరే కాగితం అంటించారు. అవార్డు పట్టికలో ఆ సినిమా పేరు కనబడలేదు. మోహన్‌కృష్ణ కొన్నాళ్ళు ఫోను చేయలేదు; తర్వాత ఒకరోజు మామిడికాయల బుట్టతో వచ్చి, కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాడు.

చెంగల్రాయుడు ఎండలు పోయి వానలు పడ్డాక గానీ రాలేదు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అయితే మేము ఇన్నది నీది కాదు."

వరదయ్య తనది కాదన్నట్టు తల ఊపాడు.

"ఎందుకప్పా తెలిసేట్టు చేసినావు? మేము నమ్ముకోనుంటిమి గదా. అది సాలదా నీకు?" చెంగల్రాయుడు పైపంచతో ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు నీ గొంతు ఎట్ల ఉండెనో నాకే సరిగ్గా గుర్తుకు రాలేదు. తలుచుకుంటే ఆయనదే ఇనబడతా ఉండాది."

ఇద్దరూ వాన చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు వరదయ్యకు వేషాలు వస్తున్నాయి. మంచం పట్టిన ముసలివాడు, స్పృహలేని తండ్రి, శవం. ఒక సీరియల్‌లో పక్షవాతం వచ్చిన పెద్దాయనగా నెలకు కొన్ని రోజులు పడుకుని కళ్ళతో నటించి వస్తున్నాడు. బాగా చేస్తున్నాడంటారు.

యోగానందకు సన్మానం తర్వాత నాలుగు రోజులు పేరు వచ్చింది. తర్వాత ఉన్న పని కూడా తగ్గింది. ఆ మగ్గాల అరుపు గొంతుకు పట్టుకుందట. ఎంత జాగ్రత్తపడ్డా మాటలో యాస దొర్లిపోతోందని సీరియల్‌వాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆయన ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు.

ఆయన రోజూ మధ్యాహ్నం ఫోను చేస్తాడు. నాగరత్నమ్మ స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచుతుంది. ఆయన హైదరాబాదు ఎండ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుపోతాడు. వరదయ్య వేలి ఉంగరంతో బల్ల మీద కొడతాడు. ఒక్కసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

నిన్న ఫోను వచ్చినప్పుడు వరదయ్యే స్పీకరు పెట్టాడు. నాగరత్నమ్మ వంటింట్లో పులుసు దించుతోంది.

"ఏమప్పా, తిన్నావా?" అంది ఫోను, మగ్గాల షెడ్డులో నేర్చుకున్న గొంతుతో.

"ఇదో, పెట్టేస్తా ఉండాను, కూసో" అని లోపలినుంచి నాగరత్నమ్మ మొగుడికి చెప్పినట్టే గట్టిగా జవాబిచ్చింది. మరుక్షణం గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ఆమె వీపు చిన్నగా కదలడం వరదయ్య చూశాడు.

"ఏమప్పా, ఉండావా?" అంది ఫోను.

వరదయ్య ఉంగరంతో బల్ల మీద ఒకసారి కొట్టాడు. లేచి, ఫోను అలాగే వదిలేసి, వంటింట్లోకి వెళ్ళాడు.